ఏడు రేవుల ఆటలో కొత్తవాడు

డాక్టర్ సదానందం గారు ఏడు రేవుల ఆటలో చేరడానికి వస్తూ మాడుగుల హల్వా పెట్టె పట్టుకొచ్చారు. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తల, ముఖాన మొహమాటపు నవ్వు, చూడబోతే పెళ్ళిచూపులకు వచ్చిన మనిషిలా ఉన్నారు. ఆ ప్రయోగశాలను నిలబెట్టింది ఆయనే, ఆ బల్ల చేయించింది ఆయనే, బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళ తలలకు కట్టే పట్టీని కనిపెట్టిందీ ఆయనే. అయినా ఆ కుర్చీల్లో ఏనాడూ కూర్చోలేదు. అద్దాల గదిలోంచి చూడటమే ఆయన పని. వకుళ హల్వా పెట్టె అందుకుని, "రండి సార్, మీ కోసమే చూస్తున్నాం," అంది. అందులో అబద్ధమేమీ లేదు. మూడేళ్ళుగా ఆమె చూస్తున్నది ఆయన కోసమే.

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే దారిలో, సముద్రం వైపు వాలిన ఒక కొండ మీద ఉంది ఆ ప్రయోగశాల. తలకు దెబ్బ తగిలో, జబ్బు చేసో గతం చెరిగిపోయినవాళ్ళకు ఆ గతాన్ని తిరిగి ఇవ్వాలన్నది సదానందం గారి తపన. రోగి తలకు పట్టీ కట్టి, ఇంట్లోవాళ్ళు పక్కన కూర్చుని, నీ పెళ్ళి ఇలా జరిగింది అని చెబితే చాలు. రోగి దాన్ని విన్న మాటగా కాక, తనకు జరిగిన సంగతిగా దాచుకుంటాడు. మర్నాడు అడిగితే పందిట్లో కట్టిన మల్లెల వాసన కూడా గుర్తుందంటాడు, చెప్పినవాళ్ళు మల్లెల ఊసే ఎత్తకపోయినా.

అయితే పట్టీ పనిచేస్తున్నదో లేదో ముందు ఆరోగ్యవంతుల మీద చూడాలి. వాళ్ళకు ఎన్నడూ జరగని సంగతులు చెప్పి, అవి జరిగినట్టే గుర్తుంటున్నాయో లేదో కనిపెట్టాలి. అలా పుట్టింది ఏడు రేవుల ఆట. బల్ల మీద గుడ్డ పటం పరిచి, నీలవేణి అనే ఓడను దాని మీద నడిపిస్తారు. సూత్రధారి కథ చెబుతుంటే, ఒక్కొక్కరూ తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. పని అవుతుందో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక తీర్పు చెబుతుంది. ప్రయోగం కోసం మొదలైన ఆట వాళ్ళకు ప్రాణమై కూర్చుంది. శనివారం వస్తే చాలు, హార్బర్లో క్రేను నడిపే పైడిరాజు సెలవు పెట్టి మరీ వచ్చేవాడు. ఆటలో అతను నీలవేణిని నడిపే సరంగు. ఎస్తేరు ఆసుపత్రిలో నర్సు, అక్కడ ఎంత నెమ్మదో ఆటలో అంత దొంగ. ఎస్తేరు మొగుడు సారథి ముత్యాల కోసం మునిగే గజ ఈతగాడు, ఆటలో పేరు మీనన్న. సారథి అక్క వకుళ సూత్రధారి, పట్టీ లేకుండా కూర్చునేది ఆమె ఒక్కతే.

ఆ బల్లకు ఒక కట్టుబాటు ఉండేది, గోడ మీద పెద్ద అక్షరాలతో వకుళే రాసి పెట్టింది: బయటిది లోపలికి తేవద్దు. ఎందుకంటే ఒకసారి తొందరపడి, గతం సగమే చెరిగిన ఒకావిడకు పట్టీ కట్టారు; ఆవిడ బిడ్డ బారసాల ముచ్చట చెల్లెలు చెబుతూ, వినడానికి బాగుంటుందని జరగనివి కొన్ని కలిపింది. మర్నాటికి అసలు బారసాల ఆవిడ తలలోంచి పోయింది. ఫొటోలు చూపిస్తే, ఇది ఎవరిల్లే అని అడిగింది. నిజాన్ని ఆనుకుని కూర్చున్న కథ నిజాన్ని పక్కకు తోసేస్తుందని అప్పుడు తెలిసింది. అందుకే ఆటలో అసలు పేర్లు పలకరు, అసలు సంగతులు ఎత్తరు. ఓడా, రేవులూ, సముద్రమూ, అంతే.

ఇంకొకటి కట్టుబాటు కాదు, ఆచారం. దాని పేరు చోటివ్వడం. పైడిరాజు మిగతావాళ్ళకంటే ఆలస్యంగా వచ్చి చేరాడు. మొదటివారం ముఖం ముడుచుకుని, "మీ అందరికీ అన్నీ గేపకం ఉన్నాయి, నాకొక్కడికే లేవు, పరాయోలింట్లో బోయినానికి కూకున్నట్టుంది," అన్నాడు. సారథి వెంటనే, "అదేంటి, రెండో రేవులో దొంగలు పడ్డ రోజు నువ్వు మాతోనే ఉన్నావుగా," అన్నాడు. పైడిరాజు తెల్లబోయి, "ఉన్నానా? అప్పుడు నానేటి సేసేను?" అని అడిగాడు. సారథి చెప్పాడు. పట్టీ తలకు ఉంది కాబట్టి అది పైడిరాజుకు జరిగిన సంగతైపోయింది. ఆ నాటి నుంచి కొత్తగా ఎవరొచ్చినా పాతవాళ్ళు తలొక జ్ఞాపకం ఇచ్చి చోటిస్తారు. ఆ సేపు మిగతా పట్టీలు తలకున్నా ఆపి ఉంచుతారు, వచ్చినవాడిది ఒక్కటే పనిచేస్తుంది. వచ్చినవాడు కాదనకూడదు. ఒక్క ప్రశ్న మాత్రం అడగాలి: అప్పుడు నేనేం చేశాను? ఇచ్చేవాళ్ళు ఏం చెబితే అదే అతని గతం.

ఇంత మంచి ఆచారం పెట్టిన సారథి ఇప్పుడు లేడు. మూడేళ్ళ కిందటి ఒక శనివారం మీనన్న నీళ్ళలో ఉండగా పాచిక అడ్డం తిరిగింది. ఊపిరి చాలడం లేదని వకుళ చెప్పడం మొదలుపెట్టింది. ఆటలో అది మామూలే, మహా అయితే పాత్ర పోతుంది, మనిషి ఇంకో పాత్ర తెచ్చుకుంటాడు. కానీ ఆ రోజు సారథి కుర్చీలో నిజంగానే గుటకలు వేస్తున్నాడు. వకుళ తలెత్తి చూస్తే, అద్దాల గదిలో సదానందం గారి చెయ్యి సారథి పట్టీ జోరు పెంచే డయల్ మీద ఉంది, ముల్లు ఎర్రగీత దాటి ఉంది. ఆపమని ఆమె అరిచింది. ఆయన తెర మీది గీతల నుంచి కళ్ళు తిప్పలేదు. మైకులోంచి ఒకే మాట వచ్చింది. "ఇంకొంచెం."

ఆ ఇంకొంచెంలోనే సారథి పూర్తిగా మునిగిపోయాడు. పట్టీ తీసేశాక టీ తాగాడు, జోకులేశాడు, బాగానే ఉన్నానన్నాడు. ఇంటికి వెళ్ళాక చెంబుడు నీళ్ళు ఒంటి మీద పోసుకోలేకపోయాడు. తర్వాత గ్లాసు నోటి దగ్గర పెట్టుకోలేకపోయాడు. ఎస్తేరు తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేది, చెంచాతో నీళ్ళు తాగించేది. ఒక వాన మధ్యాహ్నం ఆశీల్‌మెట్ట రోడ్డు మీద, చీలమండ దాటని నీళ్ళలో నిలబడి ఊపిరాడక కుప్పకూలిపోయాడు. ఊపిరితిత్తుల్లో చుక్క నీరు లేదని డాక్టర్లు అన్నారు. మునిగి చచ్చాడని అనడానికి వాళ్ళ దగ్గర నీళ్ళు లేవు మరి.

విచారణలో సదానందం గారు డయల్ ఎప్పుడూ ఉండే చోటే ఉందన్నారు. పైడిరాజూ ఎస్తేరూ ఏమీ చూడలేదు, వాళ్ళ తలలకు పట్టీలున్నాయి, ఆ సమయానికి వాళ్ళు సముద్రం మీద ఉన్నారు. చూసింది వకుళ ఒక్కతే. ఆమె లేచి చూశానని చెబితే ఆయన దగ్గరకొచ్చి, తండ్రిలా భుజం తట్టి, "తమ్ముడు పోయిన బాధలో నీకలా అనిపిస్తోందమ్మా," అన్నారు. గదిలో తలలన్నీ జాలిగా ఊగాయి.

ఆ భుజం తట్టిన చోట ఆమెకు ఇప్పటికీ మండుతుంది. అందరూ ఉద్యోగం మానేస్తుందనుకున్నారు. మానలేదు. మానేస్తే ఇంకెవరో సూత్రధారి అవుతారు. ఉంటే, ఏదో ఒకనాడు ఆయనే వచ్చి తన ముందు కూర్చుంటాడు. ఆయన జైలుకెళ్ళాలని గానీ, ఆయన పేరు పేపర్లో పడాలని గానీ ఆమెకు లేదు. ఆ తప్పు ఆయన తలలో ఉండాలి. అన్నం కలుపుకునేటప్పుడు, పక్క మీద ఒత్తిగిలేటప్పుడు, నేను చేశాను, నేనే చేశాను అని ఆయనకు తెలుస్తూ ఉండాలి. ఆమె కోరింది అంతే, అంతకు తక్కువైతే ఊరుకునేది కాదు.

ఆ ఒకనాడు కమిటీ రూపంలో వచ్చింది. పట్టీని ఆసుపత్రుల్లో వాడటానికి అనుమతి ఇచ్చే పెద్దలు ఒక షరతు పెట్టారు. కనిపెట్టినవాడు తను కట్టుకుని చూపించాలి, ఏళ్ళ తరబడి సాగుతున్న ఆటలో కొత్తవాడిగా చేరాలి, ఆ జ్ఞాపకాలు తలలో పెట్టుకుని తమ ముందుకు రావాలి. తన తలకు కట్టుకోనిది రోగుల తలకు ఎలా కడతావని వాళ్ళ ప్రశ్న, న్యాయమైన ప్రశ్నే. పైగా విచారణ అయ్యాక కమిటీ మెప్పుకోసం ఆయనే డయళ్ళను అద్దాల గదిలోంచి తీయించి సూత్రధారి చేతి కింద పెట్టించారు. ఎవరి గొయ్యి వాళ్ళే ఎప్పుడు తవ్వుకుంటారో చెప్పలేం.

చోటిచ్చే ముందురోజు సాయంత్రం ఎంవీపీ కాలనీలోని ఇంట్లో ఎస్తేరు బెండకాయలు తరుగుతూ, రేపు ఏం ఇస్తున్నావని వకుళను అడిగింది. ఏదో తుఫాను సంగతి అని వకుళ దాటేసింది. సారథి పోయాక ఆడబిడ్డా మరదలూ ఆ ఇంట్లోనే ఉంటున్నారు. స్నానాలగదిలో సారథి ఒళ్ళు తుడిచిన గుడ్డ తీగ మీద అలాగే ఉంది, ఎవరూ తీయరు. తను మటుకు సదానందం గారి జ్వరంలో మీనన్న చేసిన సేవ గురించి చెబుతానంది ఎస్తేరు. వకుళకు ఒళ్ళు మండిపోయింది. ఆయనకు అంత ముచ్చటైన జ్ఞాపకం ఎందుకని కసిరింది.

ఎస్తేరు కత్తిపీట పక్కకు జరిపి నిదానంగా అంది. "ఆయనకి సారథి ఎవరో తెలీదు వదినా. తెర మీద గీతగానే చూశాడు. మనిషిగా ఒక్కసారి చూడనీ. చూశాక కూడా నోరు విప్పకపోతే అప్పుడు ఆయన సంగతి దేవుడు చూసుకుంటాడు."

పిచ్చిపిల్ల అనుకుంది వకుళ. దేవుడి దాకా పోనిచ్చే ఉద్దేశం ఆమెకు లేదు. తను ఇవ్వబోయేది మూడేళ్ళుగా నోట్లో నలుగుతూనే ఉంది, ఏ మాట తర్వాత ఏ మాటో తెలుసు. గోడ మీది కట్టుబాటు గుర్తు రాకపోలేదు. కథ నిజానికి ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టిగా తగులుతుందని తనకు తాను చెప్పుకుంది. గట్టిగా తగలాలనేగా మరి.

శనివారం సదానందం గారు కుర్చీలో కూర్చుని పట్టీ కట్టించుకున్నారు. తను చుక్కలు చూసి ఓడకు దారి చెప్పేవాడి పాత్ర తెచ్చుకున్నానని, ఇంట్లో కూర్చుని ఆ పాత్రకు మేనరికాలతో సహా బంధువులను కూడా కల్పించానని సిగ్గుపడుతూ చెప్పారు. పైడిరాజు పడీ పడీ నవ్వాడు. తన వంతు మొదటిది కాబట్టి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

మూడో రేవులో తామందరూ కల్లు తాగి ఓడ ఏ వైపున్నదో మరిచిపోయిన సంగతి చెప్పాడు పైడిరాజు. ఆచారం ప్రకారం సదానందం గారు అడిగారు, "అప్పుడు నేనేం చేశాను?"

"మీరేటి సేసేరా? నవ్వి నవ్వి నీళ్ళల్లో పడిపోనారు సార్. మీకు ఈత రాదు. మీనన్న దూకి, జుట్టట్టుకుని లాగేడు మిమ్మల్ని. లాగి, ముందు మీ వీపు మీద రెండేసి, అప్పుడు కావిలించుకున్నాడు."

సదానందం గారు నవ్వుతూ ముఖం తుడుచుకున్నారు, ఆ ముఖం మీద నీళ్ళున్నట్టే. తర్వాత వీపు తడుముకున్నారు. నవ్వు ఆగింది గాని చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఎస్తేరు అయిదో రేవులో ఆయనకు వచ్చిన జ్వరం గురించి చెప్పింది. అందరూ ఊరు చూడటానికి పోతే మీనన్న ఒక్కడే ఉండిపోయాడనీ, గంజి కాచి పోశాడనీ, ఆయన నిద్రపట్టక ఏదైనా చెప్పమంటే ఎవరికీ చెప్పని మాట చెప్పాడనీ అంది. నీళ్ళంటే తనకు భయమట. మునిగిన ప్రతిసారీ పైకి రానేమో అనుకుంటాడట.

"అప్పుడు నేనేం చేశాను?" సదానందం గారు మెల్లగా అడిగారు.

"మీరు నవ్వలేదు. ఇంకెవరైనా అయితే నవ్వేవాళ్ళు. ఇక మీదట నీ తాడు నేనే పట్టుకుంటాను, నువ్వు కదిపితే చాలు లాగేస్తాను అన్నారు. ఆ రోజు నుంచి మీ చేతిలో తాడుంటే తప్ప మీనన్న నీళ్ళలోకి దిగలేదు."

మధ్యలో టీకి ఆగారు. పట్టీలు తీసి బల్ల మీద పెట్టారు, హల్వా పంచుకున్నారు. సదానందం గారు హల్వా ముట్టలేదు. కిటికీ దగ్గర సముద్రం చూస్తూ నిలబడ్డ వకుళ పక్కకొచ్చి, కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచారు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వకుళా, ఆ రోజు ఆ డయల్ సంగతి నీతో చెప్పాలి," అన్నారు. "అప్పుడే చెప్పాల్సింది."

వకుళ ఆయన ముఖం చూసింది. మళ్ళీ ఏదో సర్దుబాటు మాట, మళ్ళీ ఏదో సాకు అనుకుంది. అదీగాక నోటి దాకా వచ్చిన మాటలు ఆమెను నిలవనీయడం లేదు. మూడేళ్ళు దాచుకున్నది, ఈ ముసలాయన కన్నీళ్ళు చూసి మింగేసుకోవాలా అని కోపం వచ్చింది. "ఆట మధ్యలో బయటి మాటలెందుకు సార్. ముందు నా వంతు కానివ్వండి," అని వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆయన ఇంకేదో అనబోయి, సరేనని తలూపి, పట్టీ కట్టించుకున్నారు.

వకుళ మొదలుపెట్టింది. ఆరో రేవుకు ఇవతల, నీలిరంగు నల్లగా మారే చోట, నీలవేణి లంగరు వేసింది. అడుగున ముత్యాలున్నాయని తెలుసు. దిగినవాడు నడుముకు తాడు కట్టుకున్నాడు. తాడు రెండో కొస సదానందం గారి చేతిలో ఉంది. అంత వరకూ మీనన్న అనే అంది. తర్వాత బల్ల కింద చెయ్యి పోనిచ్చి ఆయన పట్టీ డయల్ తిప్పుతూ, పేరు మార్చింది.

"సారథి మీ వైపు చూసి నవ్వాడు. మీ చేతిలో తాడుందిగా, నాకేం భయం అన్నాడు. దూకాడు."

ఎస్తేరు ఉలిక్కిపడింది. బల్ల దగ్గర ఆ పేరు ఎవరూ పలికింది లేదు. పైడిరాజు గోడ మీది అక్షరాల వైపు చూశాడు. సదానందం గారి వేళ్ళు గాలిలో తాడు చుట్టూ ముడుచుకున్నాయి. పిడికిళ్ళు తెల్లబడ్డాయి.

"తాడు కదిలింది," అంది వకుళ. "లాగమని సైగ. మళ్ళీ కదిలింది."

"అప్పుడు," ఆయన తాడు ఇంకా గట్టిగా పట్టుకున్నారు. "అప్పుడు నేనేం చేశాను?"

"మీరు నీళ్ళ వైపు చూశారు. లోపల ఇంకా ముత్యాలున్నాయి. ఆపమని వెనక నుంచి ఎవరో అరిచారు. మీరు తల తిప్పలేదు. ఇంకొంచెం అన్నారు."

ఆయన గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. డయల్ ముల్లు ఎర్రగీతను తాకింది. పైడిరాజు లేచి, "సాలు వకుళమ్మా, ఆ ముసిలాయన ముకం సూడు," అన్నాడు. ఎస్తేరు ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపమంది.

"ఇంకొంచెం," అంది వకుళ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని ఆమెకు తెలుసు. తెలిసి, అందులో ఒక రుచి కూడా ఉందని ఒప్పుకోవాలి. ఆమె చెప్పడం ఆపలేదు. తాడు ఎలా సడలిందో చెప్పింది. పైకి లాగితే ఎంత తేలిగ్గా వచ్చిందో చెప్పింది. ఆ తేలిక చేతులకు ఎలా తగిలిందో చెప్పింది. సదానందం గారు బల్ల మీద తల పెట్టుకుని సారథీ, సారథీ అని ఏడ్చారు. వకుళ కుర్చీలో వెనక్కి వాలింది. ఎస్తేరు పట్టీ విప్పి బల్ల మీద పెట్టి, ఆమె ముఖం వైపు చూడకుండా బయటికి వెళ్ళిపోయింది. వకుళ పట్టించుకోలేదు. గెలిచినట్టే ఉంది.

ఆ వారమంతా ఆమె కడుపు నిండా తిన్నది. సదానందం గారు అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకుంటున్నారని, ఇంట్లో దండెం తాళ్ళన్నీ విప్పించేశారని ప్రయోగశాలలో చెప్పుకుంటుంటే, ఆమె ఏమీ ఎరగనట్టు విన్నది. లోపల మాత్రం హాయిగా ఉంది. ఎస్తేరు ముభావంగా తిరుగుతుంటే, ఆ కమిటీ రోజు రానీ, నీకే తెలుస్తుంది అనుకుంది.

కమిటీ రోజు వచ్చింది. బయట వరండాలో రోగుల మనుషులు కొందరు అనుమతి కోసం ఆశగా కూర్చున్నారు. ఒకామె తన మొగుడికి పిల్లల పేర్లు గుర్తు రావడం లేదని ప్రతివాళ్ళకూ చెబుతోంది. లోపల సదానందం గారు ప్రశ్న అడగకముందే లేచి నిలబడ్డారు.

"సారథిని చంపింది నేనే," అన్నారు.

వకుళ తలెత్తి చుట్టూ చూసింది. మూడేళ్ళ కిందట ఇదే గదిలో జాలిగా ఊగిన తలలు ఇప్పుడు కదలడం లేదు. ఆమె ఎస్తేరు చెయ్యి వెతికి పట్టుకుంది.

"తాడు నా చేతిలోనే ఉంది," అన్నారాయన. "వాడు రెండుసార్లు కదిపాడు. నేను లాగలేదు. ముత్యాల మీద ఆశ. ఇంకొంచెం అన్నాను. వాడికి మాటిచ్చి కూడా లాగలేదు."

కమిటీ పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకావిడ ఎంతో మెల్లగా, పిల్లాణ్ణి అడిగినట్టు, సారథి ఈ ప్రయోగశాలలో ఆట ఆడిన మనిషి కదా, ఆ రోజు డయల్ సంగతేమిటని అడిగింది. సదానందం గారు నొసలు ముడిచి ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు, వకుళ చూస్తూనే ఉంది.

"డయలా? అది ఎప్పుడూ ఉండే చోటే ఉందమ్మా. వాడు పోయింది ఆరో రేవు దగ్గర. నేనక్కడే ఉన్నాను."

అప్పుడర్థమైంది వకుళకు. బారసాల ఫొటోలు చూసి ఎవరిల్లే అని అడిగిన ఆవిడ కళ్ళముందు కనిపించింది. సారథి పేరు, ఆ ఇంకొంచెం, వెనక నుంచి అరుపు, అన్నీ ఏరి కోరి తనే లోపలికి తెచ్చింది. అద్దాల గది, ఎర్రగీత దాటిన ముల్లు, డయల్ మీద చెయ్యి, అవన్నీ ఆ ముసలి తలలోంచి బయటికి పోయాయి. లోకంలో ఆ నిజం తెలిసినవాళ్ళు ఇద్దరుండేవారు. వారిలో ఒకణ్ణి ఆమె తన చేతులతో చెరిపేసింది.

ఆమె లేచి జరిగింది జరిగినట్టు చెప్పింది, తను తిప్పిన డయల్ సంగతి కూడా చెప్పింది. పెద్దలు రాసుకున్నారు. పట్టీ ప్రమాదకరమని తేల్చి ప్రయోగశాల మూసేశారు. వకుళ ఉద్యోగం పోయింది, సదానందం గారిని విశ్రాంతి తీసుకోమన్నారు. మూడేళ్ళ కిందటి శనివారం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి సాక్ష్యం లేదు, చేసినవాడే తను చేయలేదని మనస్ఫూర్తిగా చెబుతున్నాడు. వరండాలో కూర్చున్న ఆవిడ, పిల్లల పేర్లు గుర్తులేని మొగుణ్ణి తీసుకుని బస్సెక్కడానికి దిగిపోయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం సదానందం గారు ఎంవీపీ కాలనీ ఇంటికి రావడం మొదలుపెట్టారు. క్షమించమని అడగడానికట. వచ్చి, ఎస్తేరు ఎదురుగా కూర్చుని సారథి గురించి చెబుతారు. జ్వరంలో పాడిన పాట, గంజిలో వేసిన ఉప్పు ఎక్కువై ఇద్దరూ నవ్వుకోవడం, ఓడ మీద పిల్లిని దాచడం. ఎవరూ చెప్పనివి కూడా ఆయన తలలో మొలుస్తున్నాయి, పందిట్లో మల్లెల్లాగే. ఎస్తేరు మొదట తలుపు తీసి ఊరుకునేది. ఇప్పుడు టీ పెట్టి కూర్చుని వింటోంది. సారథి పేరు ఆ ఇంట్లో అంత ప్రేమగా పలికేవాళ్ళు ఇంకెవరూ రారని ఒకసారి అంది. పైడిరాజు కూడా అప్పుడప్పుడు వచ్చి కూర్చుంటున్నాడు. వకుళ మాత్రం వంటింట్లోనే ఉండిపోయేది.

ఒక శనివారం ఎస్తేరు డ్యూటీలో ఉండగా ఆయన వచ్చారు. చేతిలో హల్వా పెట్టె. వకుళ ఎదురుగా కూర్చుంది. చోటిచ్చిన రోజు కిటికీ దగ్గర తనతో ఏం చెప్పబోయారని అడిగింది. ఆయన చాలాసేపు గుర్తు చేసుకున్నారు, దొరకలేదు.

"హల్వా సంగతేమో అమ్మా," అన్నారు చివరికి. "నువ్వు తినలేదని అనుంటాను."

వకుళ చెప్పింది. పట్టీ లేదు, బల్ల లేదు, పాచిక లేదు, మామూలు మాటలతో చెప్పింది. సముద్రం లేదు సార్, తాడు లేదు. అద్దాల గది ఉంది, మీ చెయ్యి డయల్ మీద ఉంది. నేను అరిచాను, మీరు వినలేదు. అది నా కళ్ళతో చూశాను. తాడు సంగతి నేను కల్పించాను, మీరు బాధపడాలని కల్పించాను. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, డయల్ తిప్పాను అనండి.

ఆయన అంతా శ్రద్ధగా విన్నారు. మధ్యలో అడ్డు రాలేదు. విన్నాక లేచి వచ్చి, కళ్ళ నిండా నీళ్ళతో, ఆమె భుజం తట్టారు.

"తమ్ముడు పోయిన బాధలో నీకలా అనిపిస్తోందమ్మా. నా తప్పు తేలిక చెయ్యాలని చూస్తున్నావు. తాడు నా చేతిలోనే ఉంది, నాకు గుర్తుంది."

అదే మాట, అదే భుజం. ఈసారి ఆ మాటలో అబద్ధం లేదు.